లేస్తావా?

గురువారం వస్తే మధ్యాహ్నం మేమంతా ఊరి హాల్లో నేల మీద పడుకునేవాళ్ళం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అది మా క్లాసు. ముసలివాళ్ళు పడిపోకుండా ఎలా నడవాలి, పడితే ఎలా లేవాలి అని మున్సిపాలిటీ వాళ్ళు నేర్పించే క్లాసు. ఉత్తర నార్వేలో సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది మా ఊరు. చలికాలం వస్తే దారులన్నీ గాజు పలకల్లా అయిపోతాయి. ప్రతి ఏడూ ఎవరో ఒకరికి తుంటి విరుగుతుంది. విరిగినవాళ్ళు చాలామంది మళ్ళీ సొంతింటికి రారు. మలుపు దగ్గరున్న వృద్ధాశ్రమంలో ఒక గది, ఒక మంచం, ఒక కిటికీ. అంతే.

మా అక్క హల్దిస్‌కి పోయిన చలికాలంలో విరిగింది. మంచులో కాదు, సొంత వంటింట్లో. సాయంత్రం పడింది. మర్నాడు పొద్దున నేను రొట్టె పట్టుకుని వెళ్ళేసరికి అదే చోట చెంప నేలకి ఆనించి పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఇప్పటికి తీరిందా నీకు?" అంది నన్ను చూసి. అంతకు మించి ఆ రాత్రి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మనిషి మారిపోయింది. చేపల ఫ్యాక్టరీలో మగవాళ్ళతో సమానంగా కత్తి పట్టి నిలబడ్డ మా అక్క, ఇప్పుడు గోడ వదిలి రెండడుగులు వేయాలంటే వణికిపోయేది. కింద పడ్డ చెంచా తీసుకోవడానికి కూడా వంగేది కాదు. నేల వంక చూసేదే కాదు.

అందుకే బలవంతంగా క్లాసుకి లాక్కెళ్ళాను.

"పడటం నేర్చుకోవడానికి క్లాసెందుకే గున్వోర్? నాకు బాగానే వచ్చుగా," అంది.

"పడటం కాదక్కా, లేవటం నేర్పుతారు."

"చిన్నప్పుడు నిన్ను బడికి ఈడ్చుకెళ్ళాను. ఇప్పుడు కసి తీర్చుకుంటున్నావు."

"తీర్చుకుంటాను మరి. బూట్లేసుకో."

క్లాసు చెప్పే అమ్మాయి రన్వైగ్. ఫిజియోథెరపిస్టు. రబ్బరు అడుగుల బూట్లు వేసుకుని చెక్క నేల మీద కీచుకీచుమంటూ తిరిగేది. మాట మెత్తన, పట్టు గట్టి. ప్రతి వారం వచ్చేవాళ్ళలో చెప్పుకోవలసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు బోర్గిల్, చెవి మిషను తీసేస్తే పిడుగు పడ్డా వినిపించని మనిషి. రెండోవాడు ఇంగ్‌వాల్డ్. ఒకప్పుడు సొంత పడవ నడిపినవాడు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి గానీ నోరు మాత్రం అరగలేదు.

ఆ గురువారం రన్వైగ్ మమ్మల్నందర్నీ చాపల మీద వెల్లకిలా పడుకోమంది.

"మా ఆవిడ పోయాక నన్ను పడుకోమని అడిగిన ఆడపిల్లవి నువ్వేనమ్మా," అన్నాడు ఇంగ్‌వాల్డ్ మూలుగుతూ కిందికి దిగి.

"నోరు మూసుకుని పడుకో, ముసలోడా," అంది హల్దిస్. అందరూ నవ్వారు. హల్దిస్ నవ్వలేదు. రన్వైగ్, నేను చెరో చెయ్యి పట్టుకుని కిందికి దింపుతుంటే ఆమె గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

"నేల మీకు శత్రువు కాదండీ," అంది రన్వైగ్. "భయం పోవాలంటే ముందు నేలతో పరిచయం పెంచుకోవాలి. తొందరలేదు. కాసేపు ఊరికే పడుకోండి. తర్వాత పక్కకి ఒత్తిగిల్లండి. మోచెయ్యి ఆనించండి. మోకాళ్ళ మీదికి రండి. కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని లేవండి. ఎవరి సాయమూ అక్కర్లేదు. మీకు మీరే లేస్తారు."

బయట అప్పటికే చీకటి. ఆ నెలలో మాకు సూర్యుడు రాడు. గాలి సముద్రం మీంచి వచ్చి హాలు గోడల్ని భుజంతో తోస్తున్నట్టుంది. గోడలకున్న హీటర్లు టిక్కు టిక్కుమంటున్నాయి. వంటగదిలో ఎవరో వాఫుల్స్ పిండి కలిపి పెట్టినట్టున్నారు, యాలకుల వాసన వస్తోంది. పైకప్పు వంక చూస్తూ పడుకుంటే హాయిగానే ఉంది. పక్క చాప మీద హల్దిస్ ఊపిరి మెల్లగా నెమ్మదించింది.

అప్పుడు లైట్లు ఒకసారి మినుకుమన్నాయి. మళ్ళీ మినుకుమన్నాయి. పోయాయి.

కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. హీటర్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

"ఎవరూ లేవకండి!" రన్వైగ్ గొంతు. "చీకట్లో లేస్తేనే పడతారు. నా ఫోను కారులో ఉంది. లైటు తెస్తాను. అక్కడే ఉండండి, కదలొద్దు."

కీచు, కీచు, కీచు... బూట్ల చప్పుడు తలుపు దాకా వెళ్ళింది. తలుపు తెరుచుకుంది. చల్లటి గాలి మా మీంచి పోయింది. ధడాలున తలుపు పడింది.

ఆ తర్వాత గాలి చప్పుడు కూడా లేదు.

"ఆ పిల్ల జీతాలు రాలేదని కరెంటు తీసేసి పారిపోయింది," అన్నాడు ఇంగ్‌వాల్డ్. ఒకరిద్దరు నవ్వారు. "ఒరేయ్, ఎవరైనా నా కాలు తొక్కితే..." అని ఇంకేదో అనబోయి ఆపేశాడు.

హాలు అవతలి చివర ఎవరో నడుస్తున్నారు.

బూట్ల చప్పుడు కాదు. ఉన్ని మేజోళ్ళతో చెక్క మీద నడిస్తే వచ్చే మెత్తటి చప్పుడు. ఒక అడుగు. కాస్త ఆగి ఇంకో అడుగు. తలుపు వైపు నుంచి కాదు. వేదిక వైపు నుంచి. అటు వైపు ఇంకో తలుపు లేదు.

యాలకుల వాసన పోయింది. దాని చోట ఇంకో వాసన వచ్చింది. చాలా కాలం పొయ్యి వెలిగించని ఇంటి వాసన. తడి ఉన్ని. మూసిన గది.

"రన్వైగ్?" అన్నారు ఎవరో.

అడుగులు వచ్చి వచ్చి ఒకచోట ఆగాయి. మోకాళ్ళు వంగిన చప్పుడు. తర్వాత గుసగుసగా ఒక మాట.

"లేస్తావా?"

ఆడ గొంతో మగ గొంతో తెలియలేదు. చాలా ఓర్పుగా ఉంది. జబ్బు మనిషితో నర్సు మాట్లాడినట్టు.

"ఎవరూ? బోర్గిల్, నువ్వేనా?" ఇంగ్‌వాల్డ్ గొంతులో నవ్వు ఇంకా కొంచెం మిగిలుంది. "లేపితే లేస్తానమ్మా, కాదంటానా? అబ్బ... నీ చెయ్యి ఇంత చల్లగా ఉందేమిటి..."

ఇంగ్‌వాల్డ్ మూలగకుండా కుర్చీలోంచి కూడా లేవలేడు. ఆ రోజు మూలుగు లేదు. మోకాళ్ళ చప్పుడు లేదు. గుడ్డ సర్రున జారిన శబ్దం, అంతే. తర్వాత చెక్క మీద రెండు కాళ్ళు ఆనిన శబ్దం.

"ఇంగ్‌వాల్డ్?" అన్నాను నేను.

పలకలేదు. ఇంగ్‌వాల్డ్ పలకకపోవడం అదే మొదటిసారి.

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఇటు వస్తున్నాయి. బోర్గిల్ దగ్గర ఆగాయి. "లేస్తావా?" అని అడగడం వినిపించింది. బోర్గిల్‌కి వినిపించలేదు. పడుకునే ముందే ఆమె మిషను తీసి కోటు జేబులో పెట్టేసింది. కాసేపు ఆగి, అడుగులు ముందుకి కదిలాయి.

మా వైపు.

నేను చీకట్లో తడిమి హల్దిస్ చెయ్యి పట్టుకున్నాను. లేవాలి అనుకున్నాను. పక్కకి ఒత్తిగిల్లాను. మోచెయ్యి ఆనించాను. మోకాళ్ళ మీదికి రావాలి... రాలేదు. కాలు పట్టేసింది. చెయ్యి జారింది. మళ్ళీ వెల్లకిలా పడ్డాను. అంతమందిమి ఉన్నాం ఆ హాల్లో. ఒక్కరం కూడా లేవలేకపోయాం.

వాసన మా మీదికి వచ్చింది. మోకాళ్ళు వంగిన చప్పుడు.

"లేస్తావా?"

"వద్దక్కా," అన్నాను. నా మాట నాకే వినిపించలేదు. "వద్దు. ఏమీ అనకు. అక్కా..."

హల్దిస్ వేళ్ళు నా చేతిలో బిగిశాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత మెల్లగా వదులయ్యాయి.

"ఎంత తేలికే గున్వోర్," అంది ఆశ్చర్యంగా. గొంతు కింద నుంచి కాదు, పై నుంచి వచ్చింది. "ఎంత తేలిగ్గా ఉందో..."

ఆమె చెయ్యి నా చేతిలోంచి పైకి జారిపోయింది.

తర్వాత అది నా దగ్గర వంగింది. నా మొహం మీద ఊపిరి లేదు. చల్లదనం మాత్రం ఉంది.

"లేస్తావా?"

"లేవను," అన్నాను.

ఏమీ జరగలేదు. అది అక్కడే ఉంది. నా జవాబు మారుతుందేమోనని ఓపిగ్గా చూస్తున్నట్టు...

లైట్లు వచ్చాయి.

హాలు మధ్యలో ఇంగ్‌వాల్డ్, హల్దిస్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. నిటారుగా. మొహాలు వేదిక వైపు. హల్దిస్ చేతికర్ర నా పక్కనే నేల మీద ఉంది. ఇంకెవరూ లేరు.

రన్వైగ్ పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చింది. జుట్టంతా మంచు, పిడికిళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "తలుపు ఇరుక్కుపోయింది! ఇంతసేపూ బాదుతూనే ఉన్నాను, మీకెవరికీ వినపడలేదా?" అంది. అంతలో ఆ ఇద్దరినీ చూసింది. మొహం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టింది.

"చూశారా! మీకు మీరే లేచారు!"

ఆ సాయంత్రం హల్దిస్ కర్ర లేకుండా ఇంటికి నడిచింది. జారకుండా బూట్లకి కట్టుకునే ముళ్ళ పట్టీలు కూడా కట్టుకోలేదు. మంచు గడ్డ కట్టిన ఎత్తు దారిలో, ఇరవై ఏళ్ళ పిల్లలా. నేను వెనక ఆయాసపడుతూ వెళ్ళాను. వాకిట్లో ఆగి నవ్వింది. ఏడాది తర్వాత మా అక్క నవ్వడం చూశాను.

మర్నాడు పొద్దున వెళ్తే కిటికీ దగ్గర నిలబడి ఉంది. ముందు రోజు వేసుకున్న బట్టలే. మంచం మీద దుప్పటి ముడత పడలేదు.

"పడుకోలేదా?"

"మోకాళ్ళు వంగటం లేదే."

"కూర్చో, చూద్దాం."

"వంగటం లేదంటున్నానా!" అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "రాత్రి ఆ అలారం బటను నొక్కాను," అంది. పడిపోతే నొక్కమని ముసలివాళ్ళందరి మెళ్ళో వేస్తారు, ఆ బటను. "ఎవరో కుర్రాడు పలికాడు. పడ్డారా అమ్మా అన్నాడు. లేదు బాబూ అన్నాను. మరేమైందన్నాడు. పడలేకపోతున్నాను అన్నాను. వేడిపాలు తాగి పడుకోండి అమ్మా అన్నాడు."

డాక్టరు వచ్చాడు. ఒకసారి పడ్డవాళ్ళు కొందరు మళ్ళీ పడతామన్న భయంతో ఇలా ఒళ్ళు బిగించేసుకుంటారని చెప్పాడు. ఒళ్ళు వదులయ్యే మాత్రలిచ్చి, పెద్దాసుపత్రికి రాశాడు. ఫిబ్రవరికి తేదీ ఇచ్చారు. ఆయన తప్పేం లేదు. నేను చెప్పింది మర్యాదగా చివరిదాకా విన్నాడు. విని నా బీపీ కూడా చూశాడు.

రన్వైగ్ వచ్చి ఒంటి కాలి మీద నిలబడమంది. హల్దిస్ నిలబడింది. ఎంతసేపటికీ కాలు దించలేదు. "ఈ వయసులో ఇంత బ్యాలెన్సు నేనెక్కడా చూడలేదు," అంది రన్వైగ్. అంటూ హల్దిస్ మొహం చూసి, తన మాట తనే మింగేసింది.

ఇంగ్‌వాల్డ్ దగ్గరికి వెళ్ళాను. పడవల షెడ్డులో బల్ల పక్కన నిలబడి వల బాగుచేస్తున్నాడు. పాదాలు వాచి పట్టక బూట్ల పక్కలు కోసేసుకున్నాడు. నన్ను చూసి ఏ జోకూ వేయలేదు.

"నిన్ను అడిగినప్పుడు ఏమన్నావు?" అన్నాడు.

"లేవనన్నాను."

"మంచి పని చేశావు."

"ఎవరది, ఇంగ్‌వాల్డ్?"

"నాకేం తెలుసు? చెయ్యి ఒక్కటే తెలుసు." తల తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పాడు. "ఇంకా వదల్లేదుగా."

అప్పుడు చూశాను. అతని స్వెట్టరు మోచేతి దగ్గర లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఎవరో గుప్పిట పట్టినట్టు. నేను చూస్తుండగానే ఆ నొక్కు కొంచెం సర్దుకుంది. పట్టు మార్చుకున్నట్టు.

క్రిస్మస్ ముందు వారం ఇంగ్‌వాల్డ్ పోయాడు. పొరుగువాళ్ళు చూసేసరికి పోయి రెండు మూడు రోజులయిందట. దేన్నీ ఆనుకుని లేడు. షెడ్డు మధ్యలో నిలబడే ఉన్నాడు. శవపేటికని షెడ్డు లోపలికి అడ్డంగా మోసుకెళ్ళడం నేను నా కిటికీలోంచి చూశాను. బయటికి తెచ్చేటప్పుడు మాత్రం నిలువుగా తెచ్చారు. మోసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ సంగతి ఇంతవరకూ ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు.

హల్దిస్‌ని నా ఇంటికి తెచ్చుకున్నాను. నా గదిలో కిటికీ పక్కన నిలబడుతుంది. కాళ్ళు వాచి నల్లబడ్డాయి. చర్మం పగిలి కారుతోంది. గోరువెచ్చని నీళ్ళతో తుడుస్తాను. ఎత్తు పీట మీద గిన్నె పెట్టి సూపు తాగిస్తాను. నిద్ర వచ్చి తల వాలుతుంది, ఒళ్ళు మాత్రం వాలదు. ఒక రోజు ఉండబట్టలేక ఆమె నడుం చుట్టూ చేతులేసి, నా బరువంతా వేసి వేలాడాను.

"లాగు. ఇంకా లాగవే," అంది.

లాగాను. పళ్ళు కరిచి లాగాను. బొమికల గూడులాంటి మా అక్క, పాతేసిన గుంజలాగా కదల్లేదు. చివరికి నేనే జారి ఆమె పాదాల దగ్గర కూలబడ్డాను. పై నుంచి నా నెత్తి మీద చుక్కలు పడ్డాయి. ఏడుస్తోంది.

"ఎంత అదృష్టమే నీది," అంది. "కూలబడ్డావు."

కాసేపటికి, ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది. "ఆ రాత్రి వంటింట్లో పడున్నప్పుడు, దేవుణ్ణి పిలిచాను. రాలేదు. నిన్ను పిలిచాను. నీకు వినపడదు కదా. తెల్లారుతుందనగా, ఎవరొచ్చినా సరే అన్నాను గున్వోర్. ఎవరైనా సరే, వచ్చి లేపితే చాలు అన్నాను."

ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకోవాలనిపించింది. నేల మీంచి లేపలేకపోయాను. వాటి మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయాను.

ఫిబ్రవరి ఇంకా రాలేదు. నిన్న మధ్యాహ్నం మెట్ల మీద మంచు తోయడానికి బయటికి వెళ్ళాను. రాత్రి వాన పడి, మళ్ళీ గడ్డ కట్టినట్టుంది. మొదటి మెట్టు మీదే రెండు కాళ్ళూ ఒక్కసారి జారాయి. పార చేతిలోంచి ఎగిరిపోయింది. ఆకాశం కనపడింది. తల వెనక రాతి మెట్టు ఉందని తెలుసు. కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ తగల్లేదు.

కళ్ళు తెరిచాను. వెనక్కి వాలిపోయి ఉన్నాను. ఏ మనిషీ అలా వాలి నిలబడలేడు. నా బూట్లు రెండూ మెట్టుకి ఆనడం లేదు. గాలి లేదు, చప్పుడు లేదు. "వదిలెయ్," అన్నాను. "నేను అడగలేదు. లేవనన్నాను కదా. పడనీ... నన్ను పడనీ."

మెల్లగా, చాలా జాగ్రత్తగా, నన్ను నిటారుగా నిలబెట్టింది.

కిటికీ అద్దం వెనక హల్దిస్ చూస్తూ ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

లోపలికి వచ్చాను. అప్పటి నుంచీ పనులు చేస్తూనే ఉన్నాను. కాఫీ పెట్టాను. బంగాళాదుంపలు ఉడకబెట్టాను. హల్దిస్ కాళ్ళు తుడవాలి, దానికి కింద కూర్చోవాలి, అందుకే ఇంకా తుడవలేదు. ఆమె కూడా అడగడం లేదు. తెల్లవారింది. నా కాళ్ళు లాగేస్తున్నాయి.

కుర్చీ నా వెనకే ఉంది. ఇంకా కూర్చుని చూడలేదు.